అద్దాలకొలనులో ముక్కుల కొలత

అనగనగా, మనుషులకి ఊళ్ళు తక్కువగానూ పక్షులకి ఊళ్ళు ఎక్కువగానూ ఉన్న రోజుల్లో, సముద్రానికి ఒక పూట ప్రయాణమంత దూరంలో ఒక పెద్ద కొలను ఉండేది. గాలి లేనప్పుడు ఆకాశమంతా అందులోనే కనపడేది. పైన ఎగిరేది ఏ కొంగో, నీళ్ళలో కనపడేది ఏ కొంగో తేల్చుకోలేక చేపలే తికమకపడేవట. అందుకే దాన్ని అద్దాలకొలను అనేవారు.

ఆ కొలను దగ్గర లేని పక్షి లేదు. మనం పక్షిని చూస్తే ముందు రెక్కలు చూస్తాం. అక్కడ మాత్రం అందరూ ముందు ముక్కునే చూసేవారు. నారాయణపక్షిది బల్లెం ముక్కు. తెడ్డుమూతి కొంగ సంగతి పేరులోనే ఉంది, గంజి కలిపే తెడ్డు తెచ్చి మొహానికి తగిలించినట్టుంటుంది. ఉల్లంకిపిట్టది దబ్బనం, బురదలో కళ్ళదాకా దించేస్తుంది. తేనెపిట్టది వంపు తిరిగిన సూది. చిలకది అడకత్తెర. వడ్రంగిపిట్టది ఉలి. రాజహంసది మరీ విచిత్రం, సగం దాకా బుద్ధిగానే వచ్చి అక్కడ ఏదో గుర్తొచ్చినట్టు కిందికి మడత పడిపోతుంది. ఇన్ని ముక్కులు కూచుని చెక్కినవాడు ఎవడో గాని, పిల్లలూ, వాడి ఓపికకి ఒక దండం పెట్టి కథలోకి వెళదాం.

ఆ పక్షులన్నిటికీ పెద్ద ఒక గూడబాతు. పేరు మహాతుండి. అందరూ పెద్దమ్మా అనే పిలిచేవారు. మన రైతులు కాలవలోంచి పొలానికి నీళ్ళు తోడే గూడ చూశారుగా, అలాంటి గూడ ఒకటి ఆమె గొంతు కింద వేలాడుతూ ఉండేది. ఒక్క ముంపు ముంచిందంటే నీళ్ళూ చేపలూ కలిసి అందులోకి రావలసిందే. కొలను మొత్తంలో ఆమె ముక్కే పొడవు. ఆమెకి కోపం కూడా ముక్కు మీదే ఉండేది. ముక్కు అంత పొడవుంటే దాని మీద కోపానికి ఎంత చోటుంటుందో మీరే ఆలోచించుకోండి. కానీ చెడ్డది కాదు. పిల్లలు గాలికి గూట్లోంచి పడితే, ఎవరి పిల్లలని చూడకుండా ముందు పరుగెత్తేది ఆమే.

ఆ కొలనులో ఒక వేడుక ఉండేది. ఎండాకాలం మొదట్లో నీళ్ళు వెనక్కి తగ్గగానే, ఎవరో జాలరి వదిలేసి పోయిన పడవ గెడ ఒకటి బురదలోంచి బయటపడేది. పక్షులన్నీ వరసగా వచ్చి ఆ గెడకి ముక్కు ఆనించి కొలిపించుకునేవి. కొలిచేవాడు శూలముఖుడని ఒక నారాయణపక్షి, మహా ముక్కుసూటి మనిషి. అంటే పక్షి. పొడుగు ముక్కువాళ్ళు విందులో ముందు వరసలో కూచునేవారు, పొట్టి ముక్కువాళ్ళు చివర కూచునేవారు. ముందు కూచున్నా వెనక కూచున్నా అందరి కడుపులూ నిండేవి. మహాతుండి ముత్తాత నాటినుంచీ అదొక నవ్వులాట.

ఇలా ఉండగా ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. కాలవలు ఎండిపోయాయి. అద్దాలకొలను చూస్తూ చూస్తుండగానే చిన్నదై, చివరికి నడుమ ఒక్క మడుగు మిగిలింది. మడుగు ఒడ్డున నీళ్ళలో నిలబడ్డ తుమ్మచెట్ల మీద పక్షుల గూళ్ళు. ఆ గూళ్ళల్లో ఒక దాంట్లో, ఇంక కడుపు పండదనుకున్న వయసులో, మహాతుండికి ఒక పిల్లాడు పుట్టాడు.

వాడికి ఒంటి మీద ఈక ముక్క లేదు. నల్లగా, ముడతలు ముడతలుగా ఉన్నాడు. చూసినవాళ్ళు మర్యాదకి బాగున్నాడు అని పక్కకి తిరిగేవారు. తల్లికి మాత్రం వాడే చందమామ. కాకిపిల్ల కాకికి ముద్దు అంటే కాకులకి కోపం వస్తుంది గాని, గూడబాతులకీ అంతే. వాడికి చిట్టిగూడ అని పేరు పెట్టుకుంది. వాడి ముక్కు ఎంతుందంటారా? నిండా బొటనవేలంత కూడా లేదు. గూడబాతు పిల్లలంతా పొట్టి ముక్కుతోనే పుడతారు, పొడవు తర్వాత వస్తుంది. ఆ సంగతి మహాతుండికి తెలుసు. తెలిసిన సంగతి అవసరానికి గుర్తురావాలిగా.

మహాతుండి మడుగు కేసి చూసింది, పిల్లాడి కేసి చూసింది. వానలు వచ్చేదాకా ఈ చేపలు ఇంతమందికి చాలవని ఆమెకి తోచింది. చాలకపోతే ముందు పోయేది పసివాడే. ఆ భయం కడుపులో దూరాక ఆమెకి నిద్ర లేదు, తిండి సయించలేదు. అప్పుడు శూలముఖుణ్ణి పిలిచి, ఈసారి ముక్కుల కొలత విందుకి కాదని చెప్పింది. గెడ మీద జానెడు ఎత్తున ఒక గాటు పెట్టమంది. ముక్కు గాటు దాటినవాళ్ళు మడుగు దగ్గర ఉంటారు, దాటనివాళ్ళు తూర్పున ఉన్న చవుడు నేలకి వెళ్ళిపోవాలి. శూలముఖుడు తన ముక్కు గాటు దాటుతుందా లేదా అని ముందే చూసుకుని, చాలా న్యాయంగా ఉంది పెద్దమ్మా అన్నాడు.

మర్నాడు పొద్దున్నే కొలత మొదలైంది. ఆ ఏడు ఎవరూ నవ్వలేదు. పిచ్చుకలు, తేనెపిట్టలు, చిలకలు గెడ దాకా కూడా రాకుండానే లేచి వెళ్ళిపోయాయి.

మొదట గెడ దగ్గరికి వచ్చింది వడ్రంగిపిట్ట. ముక్కు ఆనించింది. గాటు ఎక్కడో పైనుంది, ముక్కు ఎక్కడో కిందుంది. శూలముఖుడు పొట్టి అన్నాడు. వడ్రంగిపిట్ట గెడని కోపంగా రెండు దెబ్బలు కొట్టి, ఇందులో పురుగు కూడా లేదు అని గొణుక్కుంటూ ఎగిరిపోయింది.

రెండోదిగా వచ్చింది రాజహంస. గాటు అందేంత ముక్కు ఉంది గాని అది గెడకి ఆనితేగా. సగం ఆనించేసరికి మిగతా సగం గాల్లోకి మడత పడి వేలాడింది. తల అటు తిప్పింది, ఇటు తిప్పింది, చివరికి తలకిందులుగా కూడా పెట్టి చూసింది. అప్పుడు మాత్రం నవ్వారు అందరూ. గెడకి ఆనినంతే లెక్క అన్నాడు శూలముఖుడు, వంకరని కొలవడానికి మా దగ్గర గెడ లేదన్నాడు. రాజహంసలు గుంపుగా లేచి తూర్పుకి వెళ్ళిపోతుంటే ఆకాశంలో కాసేపు గులాబి రంగు మిగిలింది.

మూడోదిగా వచ్చినామె ఒక బూడిదరంగు కొంగ. ఎవరితోనూ పెద్దగా మాట్లాడేది కాదు. ఆమెని అందరూ సందుముక్కు అనేవారు. ఎందుకంటే ఆమె ముక్కు మొదలూ కొసా కలుసుకునేవి గాని నడుమ కలిసేది కాదు. పైముక్కుకీ కిందిముక్కుకీ మధ్య ఒక సందు ఉండిపోయేది. మహాతుండి గూడున్న తుమ్మచెట్టు మీదే, పక్క కొమ్మన, ఆమె పుల్లలు తెచ్చి గూడు కట్టుకుంటోంది. సగం అయింది. గుడ్లు పెట్టే వేళ దగ్గరపడింది.

సందుముక్కు గెడకి ముక్కు ఆనించింది. గాటు దాటింది. శూలముఖుడు సరే అనబోయాడు. అంతలో మహాతుండికి ఆ ముక్కు సందులోంచి అవతల నీళ్ళ మీద ఎండ తళతళలాడుతూ కనపడింది. ముక్కు పూర్తిగా మూసి పెట్టమంది.

ఇంతకంటే మూసుకోదు పెద్దమ్మా అంది సందుముక్కు.

పక్షులు ఒకరినొకరు పొడుచుకున్నాయి. చిల్లుకుండ అన్నాడొకడు. మహాతుండి ఆలోచించింది. చిల్లుకుండతో తోడితే నీళ్ళు నిలవవు, సందున్న ముక్కుతో పడితే చేపలు నిలవవు. పట్టినవి పట్టినట్టు జారిపోతే మడుగంతా కలబెట్టడమే గాని కడుపు నిండేది ఎప్పుడు? ఉన్న నాలుగు చేపలూ బెదిరిపోతాయి. తనకి తోచింది తనకి న్యాయంగానే కనపడింది. సందుముక్కూ, అలాంటి ముక్కున్న ఆమె బంధువులూ కూడా వెళ్ళాలంది.

“పెద్దమ్మా, నేను అసలు...” అని సందుముక్కు మొదలుపెట్టింది.

ఇక్కడ కొలిచేది ముక్కు, మాట కాదు అని శూలముఖుడు అడ్డుపడ్డాడు. సందుముక్కు ఆగిపోయింది. తుమ్మచెట్టు మీద సగం కట్టిన గూడు కేసి ఒకసారి చూసి రెక్క విప్పింది. ఆమె కనుమరుగయ్యాక ఆ గూటి పుల్లలు తలా ఒకటీ పంచుకున్నారు. మెత్తటివి నాలుగు ఏరి పెద్దమ్మ గూటికి తెచ్చి ఇచ్చారు, పిల్లాడికి బాగుంటుందని. పెద్దమ్మ తీసుకుంది.

కొన్నాళ్ళు హాయిగానే గడిచింది. మడుగు దగ్గర రద్దీ తగ్గింది. తర్వాత తుమ్మచెట్లనుంచి తెల్లటి పిండి రాలడం మొదలైంది. కాండాల్లో పురుగు పడింది. చెవి పెట్టి వింటే లోపల కరకరమని కొరుకుతున్న చప్పుడు. ఒకరోజు పట్టపగలు, గూటితో సహా ఒక కొమ్మ విరిగి నీళ్ళలో పడింది. గాలికి విరిగిందిలే అంది మహాతుండి. ఆ రోజు గాలి లేదు.

తర్వాత నీళ్ళు పచ్చబడ్డాయి. మొదట సన్నటి తెట్టు, ఆ తర్వాత పలచటి జావంత చిక్కన. అద్దాలకొలనులో ఆకాశం కనపడటం మానేసింది. చేపలు ఊపిరాడక మూతులు పైకి పెట్టి నీళ్ళ మీద తేలసాగాయి. ఎండ దెబ్బ అంది మహాతుండి. అయినా ఆమె మనసు లోలోపల ఏదో కీడు శంకించింది. ఎవరితో అంటుంది? పెద్దరికం ఒకటి ఉందిగా మధ్యన.

ఆ తర్వాత నత్తలు వచ్చాయి. ఎక్కడివక్కడ, ఎటు చూస్తే అటు నత్తలే. మడుగు అడుగున ఉన్న నాచూ కలుపూ అంతా మేసేశాయి. చేపపిల్లలు దాక్కునే చాటు పోయింది. చాటు పోయాక చేపపిల్లలూ పోయాయి. నత్తలు అంతటితో ఆగక తుమ్మచెట్ల మీదికి పాకి గూళ్ళ అంచులదాకా వచ్చాయి. దీనికి మాత్రం గాలి అని గాని ఎండ అని గాని చెప్పడానికి లేకపోయింది.

చేపల కోసం ఆమె రోజూ సముద్రం దాకా పోయి రావలసి వచ్చేది. పొద్దున పోతే మిట్టమధ్యాహ్నానికి ఒకటో రెండో తెచ్చేది. చిట్టిగూడకి ఆకలి తెలుసుగాని తల్లి కష్టం తెలియదు కదా. ఒకరోజు ఆమె వచ్చేసరికి గూట్లో చడీచప్పుడు లేదు. రోజూ దూరంనుంచే అమ్మా అమ్మా అని చెట్టు అదరగొట్టేవాడు, ఆ రోజు నోరు తెరిచి చూస్తున్నాడు. తెరిచిన నోరు మూయడం లేదు. కళ్ళు తేలవేస్తున్నాడు.

గొంతులో వెలక్కాయ పడ్డట్టు అంటాం చూడండి. వాడి గొంతులో పడింది వెలక్కాయ కాదు, నత్త. గూటి అంచున పాకుతున్నదాన్ని ఆకలికి అమాంతం మింగేశాడు. అది లోపలికి పోక, బయటికి రాక, అడ్డంగా ఇరుక్కుపోయింది.

మహాతుండి ఒక్క గెంతున గూట్లోకి దిగింది. తెచ్చిన చేప ఎటు పడిందో చూడలేదు. నత్తని లాగుదామని ముక్కు చాపింది. కొలనులోకెల్లా పొడవైన ముక్కు, మడుగుని సగం తోడేసే ముక్కు, ఆ బుల్లినోట్లో కొసంత కూడా పట్టలేదు. ఇటు పెట్టింది, అటు పెట్టింది. తన ముక్కు ఇంత పొడవెందుకయిందా అని జీవితంలో మొదటిసారి ఏడ్చింది.

శూలముఖుడు పరుగున వచ్చాడు. అతని ముక్కు సన్ననిది, పిల్లాడి నోట్లోకి పోయింది. కాని నత్త తగలగానే అతను ఆగిపోయి, ముక్కు వెనక్కి తీసేసుకున్నాడు. తన ముక్కు పొడవడానికే గాని పట్టుకోవడానికి కాదనీ, ఒక్క పోటు తప్పినా పిల్లాడి గొంతు చీలిపోతుందనీ తల వంచుకుని చెప్పాడు. ముక్కుసూటి వాడు గనక అదైనా చెప్పాడు. తర్వాత తెడ్డుమూతి కొంగ ప్రయత్నించింది. గుండ్రటి నున్నటి చిప్ప మీద తెడ్డు జర్రున జారింది. నత్త ఇంకాస్త లోపలికి పోయింది. చిట్టిగూడ మెడ వాల్చేశాడు.

అప్పుడు తెడ్డుమూతి కొంగ, చెప్పనా వద్దా అన్నట్టు, ఒక మాట చెప్పింది. ఎప్పుడో పడమటి ఒడ్డు జమ్ముగడ్డిలో సందుముక్కుని చూసిందట. ఆమె ముక్కు మధ్యన ఇలాంటి నత్తే ఉందట, చిప్పకి గీత కూడా పడలేదట. అప్పుడు ఎందుకో పట్టించుకోలేదట.

మహాతుండి వెంటనే తూర్పుకి తిరిగింది. లేచింది.

చవుడు నేల మీద ఎండ మండిపోతోంది. ఉప్పు పొర మీద అక్కడొకటి ఇక్కడొకటి పక్షులు. తను వెళ్ళగొట్టినవాళ్ళే. ఒక ఎండిన ఈతమోడుని పట్టుకుని వడ్రంగిపిట్ట, చిక్కి సగమై ఉంది. రాజహంసల గులాబి రంగు వెలిసిపోయింది. మహాతుండి వాళ్ళ మొహాలు చూడలేక కిందికి చూసుకుంటూ ఎగిరింది. చివరికి ఒక గుంట పక్కన ఆ బూడిదరంగు కొంగ ఒంటరిగా నిలబడి కనపడింది. మహాతుండి దిగింది గాని ఏమని పిలవాలో తెలియలేదు. ఇన్నేళ్ళు ఒకే చెట్టు మీద ఉన్నారు, పేరు తెలియదు. సందుముక్కూ అని పిలవడానికి నోరు రాలేదు.

“అమ్మా,” అంది. “నా పిల్లాడి గొంతులో నత్త అడ్డం పడింది.”

చూడండి పిల్లలూ, ఆ కొంగ ఎన్ని అనొచ్చో. చిల్లుకుండతో పనేమొచ్చిందమ్మా అనొచ్చు. ఇక్కడ కొలిచేది ముక్కు, మాట కాదు అనొచ్చు. మీరైతే ఏమనేవారో గాని నేనైతే తప్పకుండా ఏదో ఒకటి అనేదాన్ని. ఆమె మాత్రం ఒక్కటే అడిగింది. నత్త మూత పైకుందా, లోపలికుందా అని. మహాతుండికి తెలియదు. నత్తకి మూత ఉంటుందనే తెలియదు. ఆ కొంగ అప్పటికే రెక్క విప్పింది, మహాతుండే ఆమె వెనక ఎగరవలసి వచ్చింది.

తుమ్మచెట్టు మీద వాలగానే ఆమె కళ్ళు గూటి మీద పడ్డాయి. ఆ పుల్లలు ఆమెవి. తను ఏరుకుని, ముక్కుతో కరుచుకుని తెచ్చుకున్నవి. తన గుడ్ల కింద ఉండవలసినవి ఇంకొకరి పిల్లాడి కింద ఉన్నాయి. ఒక్క క్షణం ఆమె కదల్లేదు. ఆమె చూడటం మహాతుండి చూసింది. సిగ్గుతో చచ్చిపోవడమంటే ఏమిటో ఆ ఒక్క క్షణంలో తెలిసింది.

తర్వాత ఆ కొంగ వంగి, పిల్లాడి నోట్లోకి ముక్కు పెట్టింది. నెమ్మదిగా పోనిచ్చింది. ముక్కు కొసలు నత్తని దాటుకుని అటూ ఇటూ వెళ్ళాయి, నత్త వచ్చి సందులో కూచుంది. ఎక్కడా నొక్కుకోలేదు, ఎక్కడా జారలేదు. కొలత తీసుకుని చెక్కినట్టుంది. ఏ సందులోంచి ఎండ కనపడిందని మహాతుండి ఆమెని వెళ్ళగొట్టిందో, ఆ సందు ఖాళీ కాదు, నత్త కోసం విడిచిపెట్టిన చోటు. చుట్టూ ఉన్న పక్షులు ఊపిరి బిగబట్టి చూస్తున్నాయి. ముక్కున వేలేసుకుందామంటే వేళ్ళు లేవు పాపం.

కొంగ మెల్లిగా ముక్కు వెనక్కి తీసింది. నత్త బయటికి వచ్చింది. చిట్టిగూడ ఒకసారి దగ్గాడు, మళ్ళీ దగ్గాడు, ఆ తర్వాత గొంతెత్తి ఏడిచాడు. అంత మంచి ఏడుపు ఆ కొలనులో ఎవరూ వినలేదు.

అంతా పిల్లాణ్ణి చూస్తుంటే, కొంగ అలవాటు కొద్దీ ఆ నత్తని గూటి అంచున ఆనించి, కిందిముక్కు కొసని చిప్పలోకి జొనిపి, ఒక్క మెలి తిప్పింది. లోపలి మెత్తటి మాంసం పట్టుదారంలా జారి వచ్చింది. మింగేసింది. చిప్ప అలాగే మిగిలింది. మహాతుండి ఆ చిప్పని ఇటు తిప్పి చూసింది, అటు తిప్పి చూసింది. లోపల ఏమీ లేదు, పైన ఒక్క గీత లేదు. తాళం వేసిన ఇంట్లోంచి తలుపు తీయకుండా పెళ్ళికూతుర్ని తీసుకొచ్చినట్టుంది.

“నువ్వు తినేది ఇదా?” అంది.

“ఇదే పెద్దమ్మా. మీ చేప ఒక్కటి ముట్టి ఎరగను.”

“మరి ఆ రోజు చెప్పలేదేం?”

“చెప్పబోయాను.”

ఆమె మెల్లిగానే అంది. అయినా ఆ మాట చెట్టు మీది ప్రతి గూట్లోనూ వినపడింది. శూలముఖుడు నీళ్ళ కేసి తిరిగి నిలబడ్డాడు. మహాతుండి తన పొడుగు ముక్కుని ఆ కొంగ కాళ్ళ దగ్గర కొమ్మకి ఆనించి, పేరేమిటమ్మా అని అడిగింది. ముత్తెమ్మ అని చెప్పింది ఆమె.

కాసేపటికి శూలముఖుడు తేరుకుని, ముత్తెమ్మ చేసిన మేలుకి ఆమెని మడుగు దగ్గర ఉండనివ్వచ్చని సలహా ఇచ్చాడు. తక్కినవాళ్ళ సంగతి తర్వాత చూసుకోవచ్చన్నాడు. మహాతుండి ఒప్పుకోలేదు. ఒక ముక్కు సంగతి తెలిసేసరికి పిల్లాడి ప్రాణం మీదికి వచ్చింది, తక్కిన ముక్కుల సంగతి తెలియడానికి ఎవరి ప్రాణం మీదికి రావాలి అంది. తనే మళ్ళీ తూర్పుకి ఎగిరింది. ఒక్కొక్కరి దగ్గరా దిగి, తప్పు నాది, రండి అని పిలిచింది. కొందరు వెంటనే వచ్చారు. వడ్రంగిపిట్ట మాత్రం చాలాసేపు వినిపించుకోనట్టు మోడుని పొడుస్తూ కూచుని, చివరికి, మీ చెట్ల మీద జాలితో వస్తున్నాను, మీ మీద కాదు అని సాధించి మరీ బయల్దేరింది.

ఆ రోజు మహాతుండి వేటకి పోలేదు. ఎవరు ఏం తింటారో చూస్తూ కూచుంది. ఇన్నేళ్ళుగా తన గూడ నిండిందా లేదా అని తప్ప ఇంకేమీ చూసుకోలేదని ఆమెకి అప్పుడు తెలిసింది.

వడ్రంగిపిట్ట కాండానికి చెవి ఆనించి విని, సరిగ్గా ఒక్కచోట ఉలి దించింది. టకటకటక. చిల్లు పడగానే అందులోకి నాలుక పంపింది. ఆ నాలుక వస్తూనే ఉంది, పొట్టి ముక్కులో అంత నాలుక ఎక్కడ చుట్టి పెట్టుకుందో ఎవరికీ అంతుబట్టలేదు. కొసన తెల్లటి పురుగు గిలగిలలాడుతూ బయటికి వచ్చింది. గెడకి ముక్కు ఆనించారు గాని ముక్కులో ఏముందో ఎవరూ చూడలేదు.

రాజహంసలు పచ్చటి నీళ్ళలోకి దిగాయి. మెడలు వంచి తలలు తలకిందులు చేశాయి. అప్పుడు చూడాలి పిల్లలూ, గెడకి ఎంతకీ ఆనని ఆ వంకర ముక్కు నీళ్ళ మీద పీట వేసినట్టు తిన్నగా కూచుంది. వంకర అనుకున్నది తల వంచాక తిన్ననైంది. ముక్కుతో నీళ్ళు పీల్చి, జల్లెడ పట్టినట్టు తెట్టుని లోపల ఉంచుకుని, నీళ్ళని బయటికి వదులుతున్నాయి. అవి నడిచిన చోటల్లా నీళ్ళు తేటపడుతూ వచ్చాయి. సాయంత్రానికి మడుగు ఒక మూల మళ్ళీ ఆకాశం కనపడింది. పొద్దుటినుంచీ తను ఏమీ తినలేదన్న సంగతే మహాతుండి మరిచిపోయింది.

ముత్తెమ్మా, చవుడు నేలనుంచి తిరిగొచ్చిన ఆమె బంధువులూ నత్తల పని పట్టారు. చేపపిల్లలకి మళ్ళీ చాటు దొరికింది. మిగిలిన చేపలు వానలదాకా సరిపోయాయి. సరిపోవా మరి? చేపలు తినేవాళ్ళు ఎప్పుడూ అంతమంది లేరు. వెళ్ళగొట్టినవాళ్ళలో చేప మొహం చూసేవాళ్ళు నూటికి ఒకరో ఇద్దరో.

కాని ముత్తెమ్మ ఆ ఏడు గుడ్లు పెట్టలేదు. అదను దాటిపోయింది. మహాతుండి పుల్లలన్నీ తిరిగి ఇచ్చేసింది, ఇంకా మంచివి ఏరి తెచ్చింది. పుల్లలు తేగలదు గాని దాటిపోయిన అదనుని ఎక్కడినుంచి తెస్తుంది? ఆ బాధ ఆమెకి చాలాకాలం ఉండిపోయింది. ఉండటమే మంచిది కూడాను.

మరుసటి ఏడు వానలు దండిగా పడ్డాయి. ముత్తెమ్మ గూడు కట్టుకుంది, గుడ్లు పెట్టింది, పిల్లలు బయటికి వచ్చారు. మహాతుండి ఆత్రంగా చూడబోయి నివ్వెరపోయింది. పిల్లల ముక్కులకి సందు లేదు. పైముక్కూ కిందిముక్కూ తలుపు రెక్కల్లా చక్కగా మూసుకున్నాయి. ఏమైందమ్మా వీళ్ళకి అని కంగారుగా అడిగింది.

ముత్తెమ్మ నవ్వింది. మా పిల్లలంతా ఇలాగే పుడతారు పెద్దమ్మా, సందు పుట్టుకతో రాదు, ఏళ్ళు గడిచి ముక్కు పెరిగేకొద్దీ పడుతుంది అని చెప్పింది. మహాతుండి ఆమె ముక్కు సందు కేసి చూసింది. తను ఆ రోజు గెడ దగ్గర లోపమని వెళ్ళగొట్టింది, ఒక కొంగ బతుకంతా కష్టపడి సంపాదించుకున్నదాన్ని.

ఇంతలో ముత్తెమ్మ పెద్దపిల్ల తన ముక్కుని టపటప కొట్టి చూసుకుని, బుంగమూతి పెట్టి, “అమ్మా, నాకు సందు ఎప్పుడొస్తుంది?” అని ఏడుపు లంకించుకుంది. పక్క కొమ్మ మీద, ఇప్పుడు నిలువెత్తు పెరిగిన చిట్టిగూడ కూడా పొద్దుటినుంచీ తన బారెడు ముక్కుని సగం తెరిచి పట్టుకుని తిరుగుతున్నాడు, తనకీ ఒక సందు పడుతుందేమోనని. నోరు మూయరా, ఈగలు దూరతాయి అని శూలముఖుడు కసిరాడు.

కాబట్టి పిల్లలూ, ఎదుటివారి వంకర ఏ పనికోసం పుట్టిందో తెలుసుకోకుండా దాన్ని లోపమని కొలవకూడదు.